నువ్వులు లేని డబ్బా

కోరుట్లల బిస్కెట్ల బట్టీ కాడ ఒక్క గంట నిలవడితే చుట్టుపక్కల పది ఊర్ల సంగతులు ఎరుకైతయి. పిండి గిన్నెలు చూస్తే సాలు. చక్కెర తక్కువేసిన గిన్నె ఉందంటే ఆ ఇంట్ల షుగరు మనిషి ఉన్నట్టు. నెయ్యి వాసన గుప్పుమన్నదంటే దుబాయి నుంచి ఎవరో సెలవు మీద వచ్చినట్టు. రెండు డబ్బాలు తెచ్చి ఒకదాన్ని కొంగు సాటుకు పెట్టిందంటే అది అత్తగారికి తెల్వకుంట తల్లిగారింటికి పోయే డబ్బా.

దసరా పది దినాలుందనంగనే అక్కడ ఆడోళ్ల లైను మొదలైతది. మైదా, చక్కెర, డాల్డా ఎవరియి వాళ్లే తీస్కపోవాలె. బట్టీ నడిపే మహేందర్ కలిపి, అచ్చుల కోసి, రేకుల మీద పేర్చి కాల్చిస్తడు. వేడి ఆరినంక ఇంటి నుంచి తెచ్చిన డబ్బాల నింపుకొని, మూత మీద పేరు రాసుకొని ఆటో ఎక్కుడే. దుకాణంల ఎన్ని రకాల బిస్కెట్లు అమ్మినా, మా దిక్కు పండుగ అన్నంక మన పిండితోని కాల్చుకున్న బిస్కెట్ల డబ్బా ఇంట్ల ఉండాల్సిందే.

నేను ఎనిమిదేండ్ల సంది పోతున్న. పోయినప్పుడల్ల మహేందర్‌కు ఒక్కటే మాట చెప్పేది. "అన్నా, మా రేకు మంచిగ కడిగి పెట్టు. నువ్వులు తాకద్దు."

మా అనూషకు నువ్వులు పడయి. ఎనిమిదో ఏట సంక్రాంతికి సకినం తిన్నది. గంట తిరుగకముందే పెయ్యంత దద్దుర్లు, మూతి ఉబ్బింది, ఊపిరి అందలే. దవాఖానల ఒక రాత్రి ఉన్నం. ఆ ఏడు సంది మా ఇంట్ల సకినాలకు పిండి రెండు ముద్దలు. ఒక ముద్దల నువ్వులు, ఒక ముద్దల ఉత్త వాము. ముందుగాల వాము ముద్దవి చుట్టి, కాల్చి, దాసిపెట్టినంకనే నువ్వుల మూట విప్పేది. "నువ్వుల్లేని సకినం గూడ సకినమేనా టీచరమ్మా?" అని వాడకట్టు ఆడోళ్లు నవ్వేటోళ్లు. నవ్వితె నవ్వుండ్రి అనుకున్న.

నేను అంగన్‌వాడీ టీచర్ను. ఊర్లె నలభై మంది పిల్లలల్ల ఎవరికి గుడ్డు పడది, ఎవరికి పాలు తాగితె కడుపు ఉబ్బుతది, నాకు నోటికి ఎరుక. పిల్లలకు ఏం పడదో ఎరుకుండుడే నా నౌకరి.

మా అనూష అంటున్న గని, నేను కన్న బిడ్డ కాదు. నా కడుపు పండలే. అనూష మా అక్క రత్నమాల బిడ్డ. బావ మోటర్ సైకిల్ మీద పోయి లారీ కింద పడ్డ ఏడాదికి అక్క కువైటుకు పోయింది, అరబ్బోళ్ల ఇంట్ల చంటిపిల్లగాన్ని చూసుకునే పనికి. అప్పుడు అనూషకు ఆరేండ్లు నిండి ఏడో ఏడు నడుస్తున్నది. అక్క జీపెక్కుతుంటె పిల్ల ఏడువలే. నా కొంగు పట్టుకొని, ఇంకో చేత్తోని బిస్కెట్ తినుకుంట చూసింది. ఏడ్చింది మూడో దినం. ఏడ్చి ఏడ్చి నా ఒళ్లె పండుకొని "అమ్మా" అన్నది. కలల అన్నదో, నన్నే అన్నదో. నేను మాత్రం "ఏం బిడ్డా" అని పలికిన. గా దినం సంది నేను అమ్మను, ఫోన్ల కనవడే అక్క మమ్మీ.

అక్క నడుమ రెండుసార్లు వచ్చింది, నెల నెల ఉండి పోయింది. నిరుడు శ్రావణంల ఇగ పోనని చెప్పి వచ్చేసింది.

వచ్చిన దినం ఆమె పెట్టె విప్పితె ఇల్లంత అత్తరు వాసన. అనూషకని పది జతల బట్టలు తెచ్చింది. మంచం మీద పరిచి "ఏసుకో బిడ్డా, చూస్త" అన్నది. అనూష ఒక గౌను ఎత్తి భుజాలకు ఆనించుకున్నది. మోకాళ్ల మీదికే ఉన్నది. అన్నీ గట్లనే. పదకొండేండ్ల పిల్లకు సరిపోయే బట్టలు, పదహారేండ్ల పిల్లకు తెచ్చింది.

"ఫోన్ల గింతనే కనవడుదువు గదనే," అన్నది అక్క, నవ్వుకుంట. నవ్వుతనే ఉన్నది గని బట్టలు మడత పెట్టే చేతులు ఆగినయి.

"పర్వాలే మమ్మీ, చున్నీ ఏసుకుంట దీనిమీద," అన్నది అనూష. గా పిల్ల గంతే. ఎదుటి మనిషి మొకం చిన్నగైతదంటే ఓర్చుకోలేదు.

అక్క జగిత్యాలల రెండర్రల ఇల్లు కిరాయికి తీసుకున్నది. ఒక టిఫిన్ సెంటర్ల వంటకు కుదిరింది. వినాయక చవితి పోయినంక ఒకనాడు, నేను కూర కోస్తుంటె పక్కకు వచ్చి కూసున్నది.

"దసరా అయినంక పిల్లను తీస్కపోతనే సంగీ."

బెండకాయ తొడిమె కోసి పడేసిన. "కాలేజీ కోరుట్లల గదక్కా."

"బస్సుంది గద. ఎంతమంది పోయస్తలేరు? అద్దగంట."

"ఆమెను అడిగినవా?"

"అడిగిన. సూద్దాం మమ్మీ అన్నది." అక్క నా మొకంల మొకం పెట్టి చూసింది. "నువ్వు పొమ్మంటె పోతదే. నువ్వు ఒక్క మాట చెప్పు."

నేను చెప్పలే. చెప్తనని గూడ అనలే. బెండకాయలు కోసుకుంట కూసున్న.

మా ఆయన రాజమౌళి సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తడు. శనివారం వస్తడు, సోమవారం పొద్దుగాల పోతడు. ఆ శనివారం ఆయనకు చెప్పి ఏడ్చిన. బువ్వ తినుడు ఆపి అన్నడు, "దాసిపెట్టుమని ఇచ్చిన వస్తువ సంగీత. అడిగినప్పుడు ఇయ్యాలె."

"పిల్ల వస్తువా?"

"గందుకే ఇంకా ఎక్కువ ఇయ్యాలె."

ఆ రాత్రి చాప తీస్కపోయి అనూష పక్కన ఏసుకొని పండుకున్న.

బతుకమ్మ మొదలైంది. సద్దుల బతుకమ్మ ఇంక రెండు దినాలుందనంగ అక్క పిండి, నెయ్యి సంచులల్ల సర్దుకున్నది. "బట్టీ కాడికి నేను సుత అస్త. ఈసారి పిండి నేనే కలుపుత. అక్కడ ఈదు పండుగకు నేను చేసే బిస్కెట్లు మా మేడం సుట్టాలు అడిగి మరీ తీస్కపోదురు. ఖర్జూరం లోపల పెట్టి చేస్త."

పోయినం. లైన్ల మా ముందట ఏడుగురు. పొయ్యి సెగకు మొకాలన్నీ ఎర్రగైనయి. ముందటామె వెనకకు మళ్లి, "టీచర్, ఈమేనా కువైటక్క? బంగారం ఏమన్న తెచ్చిందా?" అన్నది.

"రెండు మోకాళ్ల నొప్పులు తెచ్చిన. కావాలంటె ఒకటి ఇస్త," అన్నది అక్క. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. మా అక్క చిన్నప్పటి సంది గట్లనే, మాటకు మాట.

మా వంతు వచ్చింది. అక్క మహేందర్‌ను కలుపనియ్యలే. అరుగు మీద బాసింపట్టు ఏసుకొని కూసున్నది. నెయ్యి కరిగి వేళ్ల నడిమి నుంచి కారుతుంటె పిండి పిసికింది. ఇలాచ్చి దంచి ఏసింది. నిమ్మకాయంత ముద్ద తీసి, అరచేతుల గుంట చేసి, ఖర్జూరం గుజ్జు పెట్టి, మూసి, గుండ్రంగ చుట్టి, చెంచ కొనతోని సుట్టూ గీతలు పెట్టింది. మహేందర్ దగ్గర పనిచేసేటోళ్లు సుత పని ఆపి చూసిండ్రు. గంత అందంగ ఉన్నయి.

"పండుగ అస్తె సాలు సంగీ," అన్నది అక్క, చేతులు ఆపకుంటనే, "ఆ ఇంట్ల ఐదు కిలోల పిండి నా ముందట పెడుదురు. ఒక్కొక్కటి చుట్టుకుంట గిది నా బిడ్డకు, గిది నా బిడ్డకు అనుకునేదాన్ని. అన్నీ నేను సాకిన యూసుఫ్ గాడు తినేటోడు. తిననియ్యి, ఆడూ పసిపోరడే. గని ఒక్కటన్న నా చేతితోని అనూష నోట్లె పెట్టాలె అని ఎంత మొక్కుకున్ననో."

అని, సంచిల నుంచి ఒక పొట్లం తీసింది. తెల్ల నువ్వులు. దోరగ ఏంచి తెచ్చింది. పళ్లెంల కుమ్మరించి, బిస్కెట్లను ఒక్కొక్కటి బోర్లించి అద్దుతున్నది. "యూసుఫ్‌కు నువ్వులు మస్తుగుండాలె. తక్కువుంటె మళ్లీ అద్దుమని నా చేతిలనే పెట్టేటోడు."

నేను నోరు తెరిచిన.

అక్కా, ఆగు. రెండే మాటలు. నాలుక మీదికి వచ్చినయి గూడ. గని అప్పుడే నా లోపల ఇంకేదో లేచింది. తొమ్మిదేండ్లు పరాయి పోరనికి ఎన్ని నువ్వులు కావాల్నో లెక్కవెట్టుకున్నది. కన్న బిడ్డకు పడయని ఎరుక లేదు. నేను చెప్తె ఇప్పుడే ఎరుకైతది. ఇంకో గంటల నేను ఎనిమిదేండ్లు కాపాడిన సంగతి ఆమెదైపోతది. చెప్పద్దు. అనూషనే చెప్తది. "నాకు నువ్వులు పడయి మమ్మీ" అని పిల్ల నోటితోని వింటె తెలుస్తది, అమ్మ అంటె ఎవరో.

మహేందర్ రేకు పట్టుకొని వచ్చిండు. పళ్లెం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "టీచర్, నువ్వు ఏటా నువ్వులు తాకద్దంటవు గద? రేకు గూడ కడిగించిన."

అక్క ఎవరితోనో మాట్లాడుతున్నది, ఆమెకు వినవడలే.

"గవి మా అక్కయి," అన్న. "ఆమె ఇష్టం."

పిల్ల తింటదని అనుకోలే. నా చేతుల పెరిగిన పిల్ల, నువ్వుల నూనె వాసన వస్తెనే పక్కకు జరిగే పిల్ల, తింటదని ఎట్లనుకుంట?

సద్దుల బతుకమ్మ నాడు పగటీలి, నేను నడి ఇంట్ల గునుగు పువ్వు కాడలు సమంగ కత్తిరిస్తున్న. అనూష తలస్నానం చేసి, తంగేడు కట్టలు విడదీసుకుంట నా పక్కకు కూసున్నది. అక్క డబ్బా పట్టుకొని వచ్చింది. మూత మీద నల్ల పెన్నుతోని పెద్దగ రాసింది, అనూష అని. ఏడో తరగతి కాడ బడి మానేసిన అక్షరాలు, వంకర టింకరగ.

మూత తీసింది. నెయ్యి, ఇలాచ్చి వాసన ఇల్లంత నిండింది.

"చెయ్యి కాదు, నోరు తెరువు," అన్నది అక్క. బిస్కెట్ పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది.

అనూష బిస్కెట్‌ను చూసింది. పైనంత నువ్వులు, ముత్యాలు అద్దినట్టు. తల తిప్పి నా దిక్కు చూసింది. గా చూపు ఎట్లున్నదంటే, రోడ్డు దాటేముందు చిన్నపిల్ల పెద్దోళ్ల మొకం చూస్తది చూడుండ్రి, గట్ల.

నేను తల వంచుకొని గునుగు కాడలు కత్తిరించిన.

కటుక్కుమన్న సప్పుడు వినవడ్డది.

"మస్తుంది మమ్మీ," అన్నది అనూష, నములుకుంట.

అక్క ఏడుస్తున్నది. ఏడ్చుకుంటనే నవ్వుతున్నది. "ఇంకోటి తిను బిడ్డా, ఇంకోటి."

నేను గబుక్కున లేచిన. పువ్వులన్నీ ఒళ్లెకెల్లి నేల మీద పడ్డయి. "ఇగ సాలు తీయక్కా! అన్నం తినద్దా? అనూ, లోపలికి రా, పసుపు తియ్యాలె." చూడుండ్రి, అప్పుడు గూడ అసలు మాట చెప్పలే.

వంటింట్లకు గుంజుకపోయిన. డబ్బాల నుంచి దద్దుర్ల గోలి తీసి నోట్లె ఏసి నీళ్లు తాపిన. "ఉమ్మెయ్యి! కక్కు! పిచ్చి లేసిందా నీకు? ఎందుకు తిన్నవే?"

"ఒక్కటే గదమ్మా. గోలి ఏసుకున్న, ఏంగాదు." నోరు తుడుచుకున్నది. "ఆమె చెయ్యి చూసినవా? ఎట్ల వణికిందో. వద్దని ఎట్లంట?"

"పడయని చెప్తె అయిపోవు గద!"

అనూష నా మొకంలకు చూసింది. కోపం లేదు గా చూపుల. అర్థం కాని లెక్కను చూసినట్టు చూసింది.

"నువ్వు బట్టీ కాడ ఉంటివి గదమ్మా. నువ్వెందుకు చెప్పలే?"

నేను గోలి డబ్బా మూత పెట్టుకుంట నిలవడ్డ. మూత సరిగ్గ పడుతలేదు.

గంట ఏం గాలే. నాకు పానం కుదుటపడ్డది. పొద్దు గూకెముందట బతుకమ్మలు ఎత్తుకొని బడి ముందటి జాగకు పోయినం. అక్క ఎర్రచీర కట్టుకున్నది, పక్కన బిడ్డ. రెండో చుట్టు తిరుగుతుంటె అనూష చప్పట్లు ఆగినయి. మెడ గోక్కున్నది. చేతుల మీద దద్దుర్లు పొంగినయి. పెదవులు ఉబ్బినయి. "అమ్మా" అని నా దిక్కే చెయ్యి చాపింది. మాట సరిగ్గ రాలే, గురక వచ్చినట్టు ఊపిరి. అట్లనే మోకాళ్ల మీద కూలబడ్డది.

ఆటోల ఆమె తల నా ఒళ్లె, కాళ్లు అక్క ఒళ్లె. "ఏమైందే? ఏం తాకిందే? పామా? తేలా?" అని అక్క ఒకటే మొత్తుకున్నది. పాదాలు రాకుతున్నది. నేను "అనూ, ఊపిరి తీసుకో, నన్ను చూడు, ఊపిరి తీసుకో" అంటనే ఉన్న. కోరుట్ల దాక గంతే. గంత దూరం ఎప్పుడు లేదు కోరుట్ల.

దవాఖానల తొడకు సూది ఇచ్చిండ్రు, మూతికి గాలి పెట్టిండ్రు. చిన్న వయసు డాక్టర్ బయటకు వచ్చిండు. "పడనిది ఏమన్న తిన్నదా?"

"లేదు సారు," అన్నది అక్క. "బయటియి ఏం తినలే. ఇంటి బిస్కెట్లే, నేను చేసినయి."

"నువ్వులు," అన్న నేను.

డాక్టర్ రాసుకున్నడు. "ఎరుకుండి గూడ ఎట్ల పెట్టిండ్రమ్మా? ఇంకో పావుగంట ఆలస్యమైతే చేతులెత్తేద్దుము."

ఆయన లోపలికి పోయిండు. అక్క నా దిక్కు మళ్లింది. చెంపల మీద బతుకమ్మ పసుపు చారలు చారలుగ కారింది.

"నువ్వులు పడయా నా బిడ్డకు?"

"పడయి. ఎనిమిదో ఏట సంది. నీకు ఫోన్ల చెప్పినక్కా. ఆ సంక్రాంతికి, దవాఖాననుంచే."

అక్క కండ్లు మూసుకున్నది. తొమ్మిదేండ్ల దినాలల్ల గా దినాన్ని ఎతుకుతున్నదని ఎరుకైతనే ఉన్నది. దొరికింది.

"ఆ దినం యూసుఫ్‌కు జరం," అన్నది మెల్లగ. "చంకల ఉండె, ఒకటే ఏడుపు. మేడం ముందట నిలవడ్డది, ఫోను పెట్టెయ్యమని. నువ్వేదో చెప్తున్నవు. తగ్గింది అన్నవు. తగ్గిందన్నది ఒక్కటి విన్న. ఊ అన్న."

గోడకు ఒరిగి నేల మీద కూసున్నది. అటెనుక తల ఎత్తింది.

"మరి బట్టీ కాడ నువ్వు నా పక్కకే ఉంటివి గద సంగీ?"

"ఉన్న," అన్న.

అక్క తిడితె బాగుండు. నలుగుట్ల చెంప మీద కొడితె ఇంకా బాగుండు. కూసున్న కాడికెల్లి నా చీర కుచ్చిళ్లకు అంటిన గునుగు పువ్వు ఒకటి తీసి పక్కన పడేసింది, గంతే.

మరునాడు పగటీలి అనూషను ఇంటికి తెచ్చినం. పండుకున్నది. నేను జావ కాసి వచ్చి చూస్తె అక్క ఎనుకింట్ల డబ్బా ముందట పెట్టుకొని కూసున్నది. ఒక చేతిల బిస్కెట్, ఒక చేతిల పిన్నీసు. నువ్వులు గిల్లి తీస్తున్నది. ఒక్కొక్క గింజ. పక్కన గిన్నెల పిడికెడు పోగైనయి. బిస్కెట్లన్నీ గుంటలు గుంటలు పడి, అమ్మవారు పోసిన మొకాల తీరున్నయి.

నువ్వులు తీసేసినా గవి పిల్లకు పనికిరావు. నాకు ఎరుకే, ఆమెకు ఎరుకే. డాక్టర్ చెప్పిండు, తాకిన చెయ్యి గూడ కడుక్కోవాలని. అయినా నేను పోయి ఎదురుంగ కూసున్న. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, డబ్బాలకెల్లి ఒక బిస్కెట్ తీసుకున్న. ఇద్దరం కలిసి తీసినం. చీకటైనంక అక్క గిన్నె, డబ్బా రెండూ ఎత్తి తీస్కపోయి పెంటకుప్పల కుమ్మరించి వచ్చి, మోచేతుల దాక సబ్బుతోని కడుక్కున్నది.

"నేను ఒక్కదాన్నే పోతనే," అన్నది కొంగుకు చేతులు తుడుచుకుంట. "పిల్ల నీ కాడనే ఉండనియ్యి. నాకు సాకుడు చేతనైతలేదు."

తొమ్మిదేండ్లు నేను ఏ మాట కోసం దేవునికి మొక్కిన్నో గదే మాట. సంతోషం కోసం ఎతికిన నా లోపల. దొరుకలే.

అనూష గడప కాడ నిలవడి ఉన్నది. దుప్పటి కప్పుకొని, మొకం ఇంకా ఉబ్బే ఉన్నది. ఎప్పటి సంది విన్నదో.

"నేను అస్త మమ్మీ," అన్నది.

"వద్దు బిడ్డా. నాకు నీ సంగతి ఒక్కటన్న ఎరుక లేదు."

"గందుకే," అన్నది అనూష. "నేను చెప్త. నాకు ఏం పడదో నేనే చెప్త. నువ్వు అడుగు, సాలు." అని నా దిక్కు మళ్లింది. గొంతు మెత్తగనే ఉన్నది. "ఎరుకున్నోళ్లు చెప్పకుంటె గూడ కష్టమే గద."

దసరా పోయిన మూడో దినం పోయిండ్రు. ముందటి రాత్రి నేను అంగన్‌వాడీల దస్కతులు పెట్టే నోటుపుస్తకం ఒక కొత్తది తీసిన. మొదటి లైన్ల రాసిన: నువ్వులు పడయి, నువ్వుల నూనె గూడ. అటెనుక చెయ్యి ఆగలే. నెలసరి మొదటి దినం కడుపు నొస్తది, వాము నీళ్లు ఇయ్యాలె. ఉరుములకు భయం, పైకి చెప్పది, లైటు ఆర్పద్దు. పరీక్షల ముందు అన్నం తినది, కలిపి నోట్లె పెట్టాలె. కోపమొస్తే మాట్లాడది, బట్టలు ఉతుకుతది. అక్షరాలు పెద్దపెద్దగ రాసిన, అక్కకు చదువరావాలని. ఎనిమిది పేజీలైంది. నాకు ఎరుకైంది ఏదీ దాసుకోలే. గా పుస్తకం ఇచ్చినంక నా కాడ ఇగ ఏం మిగులది అని ఎరుకుండే ఇచ్చిన.

అక్క పుస్తకం తీసుకొని కండ్లకు అద్దుకున్నది. మా చెల్లె చేతి రాతను దేవుని పటం తీరు అద్దుకున్ననని తరువాత అక్కడి వాడకట్టోళ్లకు చెప్పుకున్నదట. నాకు మాత్రం ఏం చెప్పలే.

బస్సు వచ్చింది. అనూష సంచి అందుకొని నా మెడ చుట్టూ చేతులేసింది. గట్టిగ, చానసేపు. నా భుజం తడిసింది. కండక్టర్ మొత్తుకున్నడు. మెట్టు మీద నిలవడి వెనుకకు మళ్లింది.

"పోయస్త చిన్నమ్మా."

గది సరైన పిలుపే. వరుస తప్పు ఏం లేదు. చెయ్యి ఊపిన.

దీపావళి పోయినంక వారం దినాలకు బట్టీకి పోయిన. లైను లేదు. పొయ్యి సగమే మండుతున్నది. ఒంటి గిన్నె పట్టుకొని వచ్చిన నన్ను చూసి మహేందర్ అన్నడు, "పండుగలన్నీ ఒడిసిపాయె టీచర్. ఇప్పుడెవలకు?"

"జగిత్యాలకు పంపాలె."

"నువ్వులు..."

"వద్దు. రేకు ఇటియ్యి, నేను కడుక్కుంట."

"కడిగిందే గది."

"తెలుసు. ఇటియ్యి."

నల్లా కింద రెండుసార్లు తోమిన. అరుగు మీద కూసొని పిండి కలిపిన. నెయ్యి, ఇలాచ్చి. నిమ్మకాయంత ముద్ద తీసి, అరచేతుల గుంట చేసి, ఖర్జూరం గుజ్జు పెట్టి, మూసి చుట్టిన. చెంచ కొనతోని సుట్టూ గీతలు పెట్టిన. ఆ దినం చెప్పాల్సిన మాట చెప్పకుంట, అక్క చేతుల దిక్కే చూసుకుంట కూసున్న గద. పని మొత్తం కండ్లల్లనే ఉన్నది.

సోమవారం పొద్దుగాల రాజమౌళి సిరిసిల్లకు పోయే తొవ్వల జగిత్యాలల దిగి డబ్బా ఇచ్చి పోయిండు. మూత మీద నేను పేరు రాయలే. ఎవల పేరు రాయాల్నో తోచలే.

పిల్లలకు గుడ్లు పంచుతుంటె ఫోన్ మోగింది.

"చిన్నమ్మా, డబ్బా ముట్టింది. మమ్మీ మూత తీసి ముందుగాల ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసింది. చూసినంక ఇచ్చింది."

"తిన్నవా?"

"మూడు తిన్న." నమిలే సప్పుడు ఫోన్ల వినవడుతున్నది. "మస్తున్నయి. అచ్చం మమ్మీ చేసినట్టే ఉన్నయి."

"మంచిది బిడ్డా," అన్న.

లైన్ల నిలవడ్డ పిల్ల పళ్లెం ఎత్తి నా మొకం చూస్తున్నది, గుడ్డు ఎప్పుడు పెడుతదా అని. గా పిల్లకు గుడ్డు పడది. అరటిపండు తీసి పెట్టిన.